మైకు ముందు ఇరవై నిమిషాలు

ఈ వ్యాసానికి కారణం ఒక కూలిపోయిన వంతెన.

పోయిన సెమిస్టర్లో స్ట్రక్చర్స్ క్లాసులో సార్ విండ్ లోడ్ గురించి చెబుతూ టే వంతెన పేరెత్తారు. స్కాట్లాండ్‌లో 1879 డిసెంబర్ 28 రాత్రి, పెద్ద గాలివానలో, రైలు పైన వెళ్తుండగానే ఆ వంతెన మధ్య భాగం నీళ్లలోకి కూలిపోయిందని రెండు ముక్కలు చెప్పి, బోర్డు మీద ఫార్ములా రాసేశారు. నాకు ఫార్ములా ఎక్కలేదు కానీ ఆ రైలు మాత్రం బుర్రలోంచి పోలేదు. రాత్రి హాస్టల్లో దాని గురించి వెతుకుతూ కూర్చుంటే ఒక వింత విషయం కంటపడింది. ఆ ప్రమాదం గురించి 1932లో బెర్లిన్ రేడియోలో ఒకాయన చిన్నపిల్లలకి కథలా చెప్పాడట. పోనీ ఆయన ఇంజనీరా అంటే కాదు, సాహిత్య విమర్శకుడు. పేరు వాల్టర్ బెంజమిన్. జర్మన్లు బెన్యమీన్ అంటారు.

ఈ పేరు మీలో కొందరు వినే ఉంటారు. సినిమా, ఫొటోగ్రఫీ గురించి సీరియస్‌గా రాసే ఏ పుస్తకంలోనైనా ఎక్కడో ఒక చోట తగులుతుంది. పెద్ద తత్వవేత్త, అర్థం చేసుకోవడం కష్టం అని ఒక ముద్ర. నేనూ అలాగే అనుకుని పక్కన పెట్టేసేవాణ్ణే. కానీ అంత కష్టమైన మనిషి పిల్లల ప్రోగ్రాంలో ఏం చేస్తున్నాడు?

ఇంత ఆరాటం ఎందుకంటే నాకూ ఒక సొంత గొడవ ఉంది. రెండేళ్లుగా ప్రతి గురువారం రాత్రి మన క్లబ్ తరఫున నేను ఇరవై నిమిషాల ఆడియో చేసి పెడుతున్నాను. ఒక వారం పాత రైలు పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదిలేవారో, ఇంకో వారం ఊళ్ల పేర్ల చివర పల్లి, పాడు, కుర్తి ఎలా వచ్చాయో, మరో వారం ఇరానీ చాయ్ కథ. వరుసా వావీ ఏమీ లేదు, ఆ వారం ఏది తోస్తే అది. వినేవాళ్లు ఇరవై మంది దాటరు. అందులో ముగ్గురు నా రూమ్మేట్లు, ఒకరు మా అమ్మ. థర్డ్ ఇయర్ అయిపోవస్తోంది, ప్లేస్‌మెంట్లు నెత్తి మీదున్నాయి. ఆ టైంలో నాలుగు కోడింగ్ ప్రాబ్లమ్స్ చేసుకోవచ్చు కదరా అని ఇంట్లో, రూమ్‌లో ఒకటే మాట. నిజమే కదా అని ఆపేద్దామనుకున్నాను కూడా. సరిగ్గా అప్పుడే ఈయన తగిలాడు.

ఇక ఆయన కథ.

బెంజమిన్ 1892 జూలై 15న బెర్లిన్‌లో ఒక కలిగిన యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రిది పాత కళావస్తువుల వ్యాపారం, వేలం పాటల వ్యవహారం. ముగ్గురు పిల్లల్లో ఈయనే పెద్ద. తరవాత ఒక తమ్ముడు, ఒక చెల్లెలు. ఇంట్లో దేనికీ లోటు లేదు. కానీ పిల్లాడికి ఒంట్లో తరచూ బాగుండేది కాదు. మంచం మీద పడుకుని గోడ మీద నీడలు, చప్పుళ్లు, వాసనలు గమనిస్తూ గడిపిన బాల్యం అది. ఇంటి నడవాలో గోడకి తగిలించిన టెలిఫోన్, జంతుప్రదర్శనశాలలో ఎంతసేపు చూసినా బయటికి రాని నీటికుక్క, దాగుడుమూతల్లో దాక్కున్న తలుపు చాటు... ఇలాంటివన్నీ నలభయ్యేళ్ల వయసులో కూర్చుని ఒక పుస్తకంగా రాశారు. చిన్న వస్తువుని పట్టుకుని దాని వెనకున్న పెద్ద ప్రపంచాన్ని చూడటం అప్పుడే అలవాటై ఉండాలి.

చదువు నాలుగు ఊళ్లలో సాగింది: ఫ్రైబుర్గ్, బెర్లిన్, మ్యూనిక్, చివరికి స్విట్జర్లాండ్‌లోని బెర్న్. 1917లో డోరాని పెళ్లి చేసుకున్నారు. మరుసటేడు కొడుకు స్టెఫాన్ పుట్టాడు. 1919లో బెర్న్‌లో డాక్టరేట్ వచ్చింది. అక్కడిదాకా అంతా పద్ధతిగానే నడిచింది.

అప్పట్లో జర్మనీలో ప్రొఫెసర్ కావాలంటే ఒక పీహెచ్‌డీ చాలేది కాదు. ఇంకో పెద్ద థీసిస్ రాసి, దాన్ని యూనివర్సిటీ చేత ఒప్పించాల్సి వచ్చేది. బెంజమిన్ 17వ శతాబ్దపు జర్మన్ విషాద నాటకాల మీద రాసి 1925లో ఫ్రాంక్‌ఫర్ట్ యూనివర్సిటీకి ఇచ్చారు. చదివిన పెద్దలు మాకు బోధపడలేదు అని తేల్చేశారు. తిరస్కరించామని రికార్డుల్లోకి ఎక్కకముందే మీరే వెనక్కి తీసుకుంటే గౌరవంగా ఉంటుందని సలహా ఇచ్చారు. తీసుకున్నారు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎదురుగా నోరు ఎండిపోయిన అనుభవం మనందరికీ ఉంది కానీ, ముప్పై మూడేళ్ల వయసులో, పెళ్లాం బిడ్డ ఉండగా, జీవితమంతా ఏ దారి కోసం సిద్ధమయ్యాడో ఆ దారే మూసుకుపోవడం వేరు. అదే థీసిస్ 1928లో పుస్తకంగా వచ్చింది. ఇవాళ దాన్ని యూనివర్సిటీల్లో పాఠంగా చెబుతున్నారు. అది తరవాతి సంగతి, అప్పట్లో ఆయనకి ఒరిగిందేమీ లేదు.

1923లో జర్మనీలో డబ్బు విలువ పాతాళానికి పడిపోయి ఎన్నో కుటుంబాల ఆస్తులు ఆవిరైపోయాయి. వీళ్లదీ పాత వైభవం కాదు. అందుకని కలం మీదే బతకాల్సొచ్చింది. పేపర్లకి పుస్తక సమీక్షలు, ఫ్రెంచి నుంచి అనువాదాలు, ఏ పని దొరికితే ఆ పని. ఇవాళ్టి భాషలో ఫ్రీలాన్సర్.

అప్పటికి రేడియో కొత్త వస్తువు. జర్మనీలో ప్రజల కోసం ప్రసారాలు మొదలైంది 1923 అక్టోబర్ 29న, బెర్లిన్‌లో ఫాక్స్ హౌస్ అనే భవనం పైఅంతస్తు నుంచి. వినాలంటే లైసెన్సు తీసుకుని నెలకి రెండు మార్కులు కట్టాలి. అయినా 1932 కల్లా లైసెన్సుదారులు 40 లక్షలు దాటిపోయారు. ఇంత జనానికి రోజూ ఏదో ఒకటి వినిపించాలి కదా. ఏం వినిపించాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. కొత్త మాధ్యమం ఎప్పుడు వచ్చినా ఇంతే. మొదట్లో తలుపులు తెరిచే ఉంటాయి, ఎవరైనా దూరి ఏదైనా ప్రయత్నించవచ్చు.

బెంజమిన్ చిన్ననాటి స్నేహితుడు ఎర్న్‌స్ట్ షోన్ ఫ్రాంక్‌ఫర్ట్ రేడియోలో పనిచేసేవాడు. 1929లో అక్కడ ప్రోగ్రాంల బాధ్యత ఆయనకే వచ్చింది. యూనివర్సిటీ వాకిలి మూసేసిన ఊళ్లోనే రేడియో వాకిలి తెరుచుకుందన్నమాట. 1927 మార్చిలో మొదటిసారి మైకు ముందు కూర్చుని కొత్త రష్యన్ రచయితల గురించి మాట్లాడారు. 1929 నుంచి 1933 మొదలు వరకూ ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్ స్టేషన్ల నుంచి రెగ్యులర్‌గా చేశారు. మొత్తం ఎనభైకి పైగా ప్రసారాలు. అందులో ముప్పై దాకా పిల్లల కోసం చేసినవి.

ఆ లిస్టు చూసినప్పుడు నాకు నా గురువారాలే గుర్తొచ్చాయి. బెర్లిన్ జనం మాట్లాడే మోటు యాస, వీధి బజార్లు, బొమ్మల కొట్లు, తోలుబొమ్మలకి చుట్టాలైన జర్మన్ తోలు లేని బొమ్మలాటలు, బోర్సిగ్ వాళ్ల రైలింజన్ల కార్ఖానా, ఇత్తడి కార్ఖానా, గాలీ వెలుతురూ సరిగా లేని అద్దె కొంపలు, దొంగల ముఠాలు, మంత్రగత్తెలంటూ ఆడవాళ్లని కాల్చిన విచారణలు, పారిస్ బాస్టీల్ జైలు, నేపుల్స్ నగరం, నకిలీ పోస్టల్ స్టాంపుల మోసాలు, అమెరికాలో దొంగ సారా రవాణా, బూడిద కింద పడిపోయిన పాంపే, కుక్కల నిజం కథలు. ఒక ప్రోగ్రాంలోనైతే ఒక తలతిక్క రోజు కథ చెబుతూ అందులో ముప్పై చిక్కుముళ్లు దాచిపెట్టారు.

ఎక్కడా పిల్లలు కదా అని ముద్దు మాటలు లేవు. నీతి బోధలూ లేవు. యాస గురించి చెప్పేటప్పుడు దాన్ని వెక్కిరించరు. పనిలో, ఆటలో, పోట్లాటలో జనం ఆ మాటల్ని ఎంత చురుగ్గా వాడతారో చూపిస్తారు. సినిమాల్లో మన ఉత్తరాంధ్ర యాసనీ తెలంగాణ యాసనీ కామెడీకే వాడేసిన రోజులు గుర్తొచ్చి, ఈ ఒక్క ప్రసారం మనవాళ్లకి వినిపిస్తే బాగుండు అనిపించింది. మంత్రగత్తెల విచారణల గురించి చెప్పేటప్పుడైతే, తప్పంతా చదువురాని జనానిదే అని తేల్చేయరు. లా చదివినవాళ్లు, తత్వశాస్త్రం చదివినవాళ్లు ఆ పిచ్చికి ఎలా లెక్కలు కట్టి, శాస్త్రంలా తయారుచేశారో చెబుతారు. పన్నెండేళ్ల పిల్లలకి ఈ సంగతి చెప్పడానికి ధైర్యం కావాలి.

1931 అక్టోబర్ 31న చెప్పింది లిస్బన్ భూకంపం గురించి. అది జరిగింది 1755 నవంబర్ 1న. అంటే దాదాపు వార్షికోత్సవం నాడన్నమాట. ఆ ప్రోగ్రాం మొదట్లో ఆయన తన పనిని మందులు కలిపే కాంపౌండర్ పనితో పోలుస్తారు. అతను చిన్న త్రాసులో గ్రాములు తూచి పొట్లం కట్టినట్టు, తాను నిమిషాలు తూచి కలుపుతున్నానంటారు. ఇది ఇంత, అది ఇంత, ఏది ఎక్కువైనా మందు పనిచేయదు. ప్రతి గురువారం స్క్రిప్టు కోస్తూ నేను పడే పాట్లకి ఇంతకన్నా మంచి వర్ణన నాకు దొరకలేదు.

ఇక లిస్బన్‌లో ఎంతమంది చచ్చారు, ఏమేం కూలాయి అని భయపెట్టి వదిలేయరు. ఆ ఒక్క భూకంపం యూరప్ మొత్తాన్ని ఎందుకు కుదిపేసిందో చెబుతారు. అప్పటికి కుర్రవాడైన కాంట్ అనే తత్వవేత్త ఎక్కడో దూరాన కూర్చుని దాని గురించి దొరికిన ప్రతి వార్తా పోగుచేశాడని, భూకంపాల్ని శాస్త్రంగా చదవడానికి అదొక మొదలని చెబుతారు. భూమి పైపొర ఎప్పుడూ కదులుతూనే ఉంటుందన్న అప్పటి కొత్త ఆలోచన దాకా తీసుకొచ్చి వదులుతారు. ఒక దుర్ఘటనతో మొదలుపెట్టి మనిషి దాన్ని ఎలా అర్థం చేసుకోబోయాడో అక్కడికి చేర్చడం ఆయన పద్ధతి.

టే వంతెన ప్రసారం 1932 ఫిబ్రవరి 4న. అందులోనూ ఇదే పద్ధతి. నేరుగా ప్రమాదంలోకి దూకరు. ముందు ఇనుము కథ చెబుతారు. రైలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ వేగానికి మనిషి బుర్ర చెడిపోతుందని డాక్టర్లే భయపడ్డారట. ఇనుముతో ఏం కట్టాలో, ఎలా కట్టాలో జనం తడుముకుంటూ నేర్చుకున్నారు. అలా చెప్పుకుంటూ వచ్చి, ఆ గాలివాన రాత్రి దగ్గర ఆగుతారు.

ఇక్కడ మన బ్రాంచి వాళ్లకోసం కొంచెం ఆగుతాను. ఆ వంతెన 1878లో తెరిచారు. పొడవు సుమారు రెండు మైళ్లు. కట్టిన ఇంజనీరు థామస్ బౌచ్‌కి 1879లో సర్ బిరుదు కూడా వచ్చింది. అదే ఏడాది చివర ఎత్తయిన గర్డర్లున్న 13 స్పాన్‌లూ రైలుతో సహా నీళ్లలో పడ్డాయి. రైల్లో ఉన్న ఒక్కరూ బతకలేదు. విచారణలో తేలింది: గాలి ఒత్తిడికి డిజైన్‌లో విడిగా లెక్క వేసుకోలేదు, పోత ఇనుము స్తంభాల్లో లోపాలున్నాయి, కట్టేటప్పుడు పర్యవేక్షణ లేదు, కట్టాక నిర్వహణ లేదు. బౌచ్ ఏడాది తిరక్కుండానే చనిపోయాడు. ఫోర్త్ నది ముఖద్వారం మీద ఆయన డిజైన్ చేసిన ఇంకో వంతెనని పక్కన పడేసి, వేరేవాళ్లతో కొత్త డిజైన్ చేయించి 1890లో పూర్తిచేశారు. అది ఇవాళ్టికీ నిలబడే ఉంది. మునిగిపోయిన రైలింజన్‌ని మాత్రం నీళ్లలోంచి తీసి, బాగుచేసి చాలా ఏళ్లు వాడారు.

బెంజమిన్ ఆ కథని విషాదంతో ముగించరు. ఈఫిల్ టవర్ దగ్గరికి తీసుకెళ్తారు. కట్టినప్పుడు దానికి ఒక ప్రయోజనమంటూ లేదని, తరవాత వైర్‌లెస్ వచ్చాక అదే పారిస్ రేడియోకి స్తంభమైందని గుర్తుచేస్తారు. వంతెన కూలడం అన్నది మనిషి చేస్తున్న ఒక పెద్ద పోరాటంలో చిన్న ఘట్టమేనని, ఆ పోరాటంలో మనిషి గెలుస్తూనే వచ్చాడని అంటారు. తన చేతులతో కట్టుకున్నదాన్ని తనే నాశనం చేసుకుంటే తప్ప అని ఒక మెలిక కూడా పెడతారు. 1932 ఫిబ్రవరిలో, జర్మనీలో, పిల్లలకి ఈ మాట చెప్పారు. ఏడాదికల్లా అక్కడ ఏం మొదలైందో మనకి తెలుసు.

అదే ఏడాది మార్చిలో మిసిసిపీ వరదల గురించి చెప్పారు. అవి 1927 వరదలు. న్యూ ఓర్లీన్స్ నగరాన్ని కాపాడటానికి ఇంకో చోట గట్టుని డైనమైట్ పెట్టి పేల్చేశారు. నీళ్లు పేదవాళ్ల పొలాల మీదికి, ఇళ్ల మీదికి మళ్లాయి. పట్నం బతకడానికి పల్లెల్ని ముంచడం అనే ఆ నిర్ణయాన్ని ఆయన దాటేయలేదు. ప్రాజెక్టుల కింద ఊళ్లు మునగడం చూసిన మన ప్రాంతంలో ఈ కథ ఎవరికీ దూరం కాదు. నాకు తెలిసిన సివిల్ సిలబస్‌లో గట్టు ఎత్తెంత ఉండాలో ఉంది గానీ, తెగ్గొట్టాల్సొస్తే ఎవరి వైపు తెగ్గొడతారు అన్న ప్రశ్న లేదు.

పిల్లల ప్రోగ్రాంలే కాదు, ఇంకా చాలా చేశారు. వాటిలో రెండు చెప్పి తీరాలి.

ఒకటి, 1932లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన కాస్పర్ నాటిక. కాస్పర్ అంటే జర్మన్ బొమ్మలాటలో మన కేతిగాడి లాంటి వాడు. చేపలు కొనడానికి పొగమంచులో బయల్దేరిన కాస్పర్‌ని రేడియో వాళ్లు పట్టుకుని మాట్లాడమంటారు. వాడు మైకు దొరికిందే చాలని ఒకణ్ణి చెడామడా తిట్టేసి పారిపోతాడు. ఊరంతా వెంటపడతారు. రైల్వే స్టేషను, జంతుప్రదర్శనశాల, తిరనాళ్ల చప్పుళ్లు వినిపిస్తుంటే అవేమిటో ఇళ్లలో పిల్లలు ఊహించాలి. చివర్లో తెలిసేదేంటంటే, రేడియో వాళ్లు కాస్పర్ ఇంట్లో మంచం కింద రహస్యంగా మైకు పెట్టి వాడి మాటలు పట్టేశారు. వాడికి డబ్బులిచ్చి నవ్వుతూ ముగిస్తారు. మన ఫోన్లు మన మాటలు వింటున్నాయా అని జోకులేసుకునే మనకి ఆ మంచం కింద మైకు అంత నవ్వులాట అనిపించదు.

రెండోది 1931లో వోల్ఫ్ జుకర్ అనే ఆయనతో కలిసి చేసిన ప్రోగ్రాం. విషయం: జీతం పెంచమని మేనేజర్ని ఎలా అడగాలి. ముందు తప్పుగా అడిగే ఉద్యోగిని వినిపిస్తారు. బెదురుతాడు, తడబడతాడు, చిరాకుపడతాడు, ఖాళీ చేతులతో బయటికొస్తాడు. తరవాత సరిగ్గా అడిగేవాణ్ణి వినిపిస్తారు. అంటే ఇవాళ ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో మాక్ ఇంటర్వ్యూ అని చేయించేది తొంభై ఏళ్ల కిందట రేడియోలో ఒక తత్వవేత్త చేయించాడు. వినేవాడు ఊరికే వినడం కాదు, అందులో నేనైతే ఏం చేసేవాణ్ణి అని ఆలోచించాలి అన్నది ఆయన పట్టుదల. రేడియో ఒకవైపు మాట్లాడేవాణ్ణీ మరోవైపు నోరులేని శ్రోతనీ తయారుచేస్తోందని, అదే దానిలో లోపమని వ్యాసం కూడా రాశారు.

ఇవన్నీ లైవ్. నోట్సు చేతిలో, గడియారం ఎదురుగా. తరవాత 1934లో మారుపేరుతో ఒక చిన్న కథ రాశారు. అందులో ఒక కొత్త రేడియో వక్త గడియారం సరిగా చూసుకోక, టైం అయిపోతోందని కంగారుపడి పేజీలకి పేజీలు వదిలేసి గబగబా ముగించేస్తాడు. తీరా చూస్తే ఇంకా నిమిషాలు మిగిలే ఉంటాయి. ఆ గదిలో, ఆ నిశ్శబ్దంలో అతని గుండె జారిపోతుంది. చివరికి వదిలేసిన పేజీల్లోంచి ఏదో తీసి చదివేస్తాడు. మర్నాడు ఒక స్నేహితుడు బాగుందనే అంటాడు, కాకపోతే నడుమ కాసేపు తన సెట్టే పనిచేయలేదంటాడు. మైకు ముందు ఒక్కసారైనా కూర్చున్నవాళ్లకి ఈ కథ చదివితే అరచేతుల్లో చెమట పడుతుంది. నాకు పట్టింది.

ఇప్పుడు నన్ను నిజంగా ఆపేసిన సంగతి. ఈ రేడియో పని మీద బెంజమిన్‌కి గొప్ప అభిప్రాయం ఏమీ లేదు. జెరూసలేంలో ఉన్న స్నేహితుడు గెర్షోమ్ షోలెమ్‌కి రాసిన ఉత్తరాల్లో దీన్ని పొట్టకూటి పనిగానే తీసిపారేశారు. ఏవో కొన్ని తప్ప మిగతావి లెక్కలోకి రావన్నట్టే మాట్లాడారు. ఆయన దృష్టిలో అసలు పని వేరే ఉంది. 19వ శతాబ్దపు పారిస్ మీద, అక్కడి గాజుకప్పుల బజారు వీధుల మీద ఒక మహాగ్రంథం. 1927లో మొదలుపెట్టి చివరిదాకా రాస్తూనే ఉన్నారు, పూర్తికాలేదు. ఇటు చూస్తే, రేడియో కోసం గబగబా డిక్టేట్ చేయించి చదివేసిన ఈ చిన్న ముక్కల్లో బజార్లు, బొమ్మలు, ఇనుము, అద్దె కొంపలు, అన్నీ ఉన్నాయి. పెద్ద పుస్తకంలో వెతుకుతున్నవే ఇక్కడ పిల్లలకి అర్థమయ్యే భాషలో ఉన్నాయి. ఏది అసలు పని, ఏది పొట్టకూటి పని అని చేసేటప్పుడు మనకి తెలుస్తుందా? ఆయనకే తెలియలేదు.

1930లో విడాకులయ్యాయి. డబ్బు ఇబ్బందులు తీరలేదు. 1933 జనవరి 29న ఫ్రాంక్‌ఫర్ట్ రేడియోలో తన బాల్యం గురించిన పుస్తకంలోంచి కొంత చదివారు. అదే చివరిసారి. మర్నాడు, జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. ఆ రాత్రి బెర్లిన్‌లో కాగడాల ఊరేగింపుని అదే రేడియో దేశానికి వినిపించింది. కొన్ని వారాల్లో షోన్‌ని అరెస్టు చేశారు. తరవాత ఆయన లండన్ వెళ్లిపోయాడు. మార్చిలో బెంజమిన్ దేశం వదిలారు. మళ్లీ తిరిగి వెళ్లలేదు.

ఎలక్ట్రానిక్స్ బ్రాంచి వాళ్లకి ఒక సంగతి. ఆ ఆగస్టులో కొత్త ప్రభుత్వం అందరూ కొనగలిగేలా 76 మార్కులకే ఒక రేడియో సెట్టు దించింది. మోడల్ నంబరు 301. జనవరి 30కి గుర్తుగా ఆ నంబరు పెట్టారు. మొన్నటిదాకా భూకంపాలు, బొమ్మల కొట్ల గురించి చెప్పిన గాలి అలల మీద ఇక ఏం వెళ్లిందో చెప్పక్కర్లేదు. అవే ట్రాన్స్‌మిటర్లు. మైకు దగ్గర కూర్చున్న మనుషులే మారారు.

తరవాతి ఏడేళ్లూ పరాయి పంచన బతుకు. స్పెయిన్ దీవి ఇబీజా, డెన్మార్క్‌లో నాటకకర్త బ్రెష్ట్ ఇల్లు, ఇటలీలో మాజీ భార్య నడిపిన బస, ఎక్కువకాలం పారిస్‌లో చవక గదులు. పగలంతా అక్కడి జాతీయ గ్రంథాలయంలో నోట్సు రాసుకోవడం. కళాకృతికి యంత్రాలతో లెక్కలేనన్ని నకళ్లు తీయగలిగే కాలంలో కళ ఏమవుతుందన్న ఆ ప్రసిద్ధ వ్యాసం 1935, 36ల్లో ఇక్కడే రాశారు. 1939లో జర్మనీ ఆయన పౌరసత్వం తీసేసింది. యుద్ధం మొదలవగానే, జర్మన్ కాబట్టి శత్రుదేశస్తుడని ఫ్రాన్స్ ఆయన్ని క్యాంపులో పెట్టింది. సొంత దేశం కాదన్నవాణ్ణి ఆశ్రయమిచ్చిన దేశం ఆ దేశపు వాడివే అంది.

1940 జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్‌కి చేరుతుండగా చెల్లెలితో కలిసి దక్షిణానికి పారిపోయారు. పారిస్ పుస్తకం కాగితాల్ని గ్రంథాలయంలో పనిచేసే రచయిత జార్జ్ బతాయ్‌కి అప్పగించారు. ఆయన వాటిని అక్కడే దాచాడు. మార్సెయ్‌లో అమెరికా వీసా దొరికింది. కానీ ఫ్రాన్స్ వదలడానికి అనుమతి దొరకలేదు. మిగిలింది పిరెనీస్ కొండలు కాలినడకన దాటడం. గుండె జబ్బు మనిషి. పది నిమిషాలు నడిచి ఒక నిమిషం ఆగుతూ, బరువైన ఒక నల్ల సంచీ వదలకుండా, సెప్టెంబర్ చివర్లో కొండ దాటి పోర్త్‌బౌ అనే స్పెయిన్ ఊరికి చేరారు. అక్కడి పోలీసులు వెనక్కి పంపేస్తామన్నారు. ఆ రాత్రి, 1940 సెప్టెంబర్ 26న, తన దగ్గరున్న మార్ఫిన్ మింగి ప్రాణం తీసుకున్నారు. వయసు 48. ఆయనతో వచ్చినవాళ్లని ఆ తరవాత ముందుకి వెళ్లనిచ్చారు. నల్ల సంచీలోని రాతప్రతి దొరకలేదు. డాక్టరైన తమ్ముడు గేయార్గ్ 1942లో నాజీల క్యాంపులో చనిపోయాడు. మాజీ భార్య, కొడుకు లండన్‌లో ఉండి బతికారు.

మరి రేడియో స్క్రిప్టులు? వాటిని ఎవరూ ప్రత్యేకంగా దాచలేదు. పారిస్ గదిలో వదిలేస్తే గెస్టపో ఎత్తుకెళ్లింది. తగలబెట్టాల్సినవే, పొరపాటున ఒక పత్రిక తాలూకు కాగితాల కట్టల్లో కలిసిపోయాయి. ఆ కట్టలతో పాటే జర్మనీకి, యుద్ధం తరవాత సోవియట్ యూనియన్‌కి, అక్కణ్ణించి తూర్పు జర్మనీ ఆర్కైవ్‌కి తిరిగాయి. పిల్లల ప్రసంగాలు పుస్తకంగా వచ్చింది 1985లో, ఆయన పోయిన నలభై అయిదేళ్లకి. ఎంతో జాగ్రత్తగా మోసిన సంచీ పోయింది, పట్టించుకోకుండా వదిలేసిన కట్ట మిగిలింది. ఒక్కటి మాత్రం మిగల్లేదు. ఆయన గొంతు. అన్ని ప్రసారాల్లో ఆయన మాట్లాడిన ఒక్క రికార్డింగ్ కూడా దొరకలేదు.

ఈ సంగతి ఫోన్లో మా అమ్మమ్మకి చెబితే, ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. చిన్నప్పుడు ఆదివారం రేడియోలో అన్నయ్య, అక్కయ్యల పిల్లల కార్యక్రమం కోసం ఎదురింటి అరుగు మీద కాచుకుని కూర్చునేవాళ్లమని మొదలెట్టింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. ఏం చెప్పేవాళ్లు అని అడిగితే ఒక్కటీ సరిగ్గా గుర్తులేదంది. కానీ తనకి ఏ పేపరు ముక్క దొరికినా చదవాలనిపించడం అక్కడే మొదలైందంది. బెర్లిన్‌లోనూ అలా కూర్చున్న పిల్లలు ఉండే ఉంటారు. వాళ్లలో ఎవరికి ఏ ప్రసారం లోపల నాటుకుందో ఏ లెక్కల్లోనూ దొరకదు.

ఇంతకీ నా గొడవ. ఆపట్లేదు. అలాగని ప్లేస్‌మెంట్లని గాలికొదిలేసేంత తెగింపూ నాకు లేదు, ఇంట్లో అప్పు ఉంది. అందుకని ఇకనుంచి వారం విడిచి వారం. వచ్చే గురువారం టే వంతెన గురించి చెబుతున్నాను. ఇరవై నిమిషాల్లో ఇనుము ఎంత, గాలి ఎంత, ఆ రైల్లో మనుషులు ఎంత అని తూచుతూ కూర్చున్నాను. ఇప్పటికి ఇరవై ఆరు నిమిషాలొచ్చింది. ఇంకా ఆరు నిమిషాలు కోయాలి.